న్యూరోసర్జరీ సీటుకు మూడో ఏడాదే ముహూర్తం

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో కాలువ కట్టేశాక నారుమడికి తడి కావాలని ఎంత బతిమాలినా లస్కరు తలుపెత్తలేడు. న్యూరోసర్జరీ చదవాలనుకునే మన గోదావరి జిల్లాల పిల్లలు చాలామంది సరిగ్గా ఆ వేళకే దారి అడుగుతున్నారు. అప్పటికి ఎంబీబీఎస్ పట్టా చేతికొచ్చేసి ఉంటుంది, కన్సల్టెన్సీకి అడ్వాన్సు కూడా కట్టేసి ఉంటారు. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరు కాలేజీల్లో ఇప్పుడు రెండో ఏడాదో, మూడో ఏడాదో చదువుతున్నవాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఈ ఉత్తరం.

ముందు లెక్క చూద్దాం. అమెరికాలో న్యూరోసర్జరీ రెసిడెన్సీ, అంటే మన పీజీ లాంటి శిక్షణ, ఏడేళ్లు. దేశం మొత్తానికి ఏటా ఉండే సీట్లు 240కి కాస్త అటూ ఇటూ, అందులో సింహభాగం అక్కడి కాలేజీల వాళ్లకే పోతుంది. దానికి ముందు యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్ష మెట్లుమెట్లుగా రాయాలి. 2022 జనవరి నుంచి అందులో మొదటిదైన స్టెప్ 1కు మార్కులు లేవు, పాసా ఫెయిలా అంతే. కాబట్టి మార్కుల బరువంతా రెండో మెట్టైన స్టెప్ 2 సీకే మీద పడింది. ఒకసారి పాసైతే మార్కులు పెంచుకోడానికి మళ్లీ రాయనివ్వరు. స్నేహితుడు రాస్తున్నాడని తొందరపడి తేదీ తీసుకుని 230తో బయటపడితే ఆ 230తోనే కాపురం చేయాలి. నమూనా పరీక్షల్లో వరసగా 250 దాటేదాకా తేదీ వెనక్కి జరుపుకోవడమే మేలు.

అయితే పరీక్ష కంటే ముందు పట్టించుకోవాల్సింది ఎలెక్టివ్. అక్కడి ఆసుపత్రిలో నాలుగు వారాలు వాళ్ల విద్యార్థులతో సమానంగా రౌండ్లకు వెళ్లి, కేసు చెప్పి, థియేటర్లో చేతులు కడుక్కుని నిలబడే అవకాశం అది. విద్యార్థిగా ఉన్నప్పుడే ఇస్తారు. పట్టా వచ్చాక దొరికేది అబ్జర్వర్‌షిప్, అంటే గోడ పక్కన నిలబడి చూడటం. ఆ గోడ పక్క నుంచి ఎంత గొప్ప సిఫార్సు లేఖ వస్తుందో మీరే ఊహించుకోండి. మన హౌస్ సర్జన్లను కొన్ని ఆసుపత్రులు విద్యార్థుల కింద లెక్కేస్తాయి, కొన్ని వేయవు. అందుకే ఫైనలియర్ మొదట్లోనే రాసి అడగాలి. ఎలెక్టివ్ దరఖాస్తులు తీసుకునే వీఎస్‌ఎల్‌ఓ పోర్టల్లో మీ కాలేజీ భాగస్వామి కాకపోతే అటునుంచి దరఖాస్తు పోదు. విదేశీ విద్యార్థులను నేరుగా తీసుకునే ఆసుపత్రుల కార్యాలయాలకు విడివిడిగా రాసుకోవాలి. డీన్ సంతకంతో లేఖ, మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో పొరపాట్లకు) బీమా, హెపటైటిస్-బి యాంటీబాడీ టైటర్, టీబీ పరీక్ష అడుగుతారు. కొన్నిచోట్ల స్టెప్ 1 పాసై ఉండాలి కూడా. టీబీ దగ్గర మనవాళ్లు తరచూ చిక్కుకుంటారు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మపరీక్ష పాజిటివ్ చూపించవచ్చు, దాంతో ఎక్స్‌రేలు, వివరణలు, వారాల జాప్యం. మొదటే ఇగ్రా రక్తపరీక్ష చేయించుకుంటే ఆ గొడవ ఉండదు.

రెండోది పరిశోధన. రెసిడెన్సీ సీట్లు పంచే పద్ధతిని అక్కడ మ్యాచ్ అంటారు. దాన్ని నడిపే ఎన్‌ఆర్‌ఎంపీ 2024 లెక్కల్లో, న్యూరోసర్జరీ సీటు వచ్చిన అమెరికా ఎండీ విద్యార్థుల సగటు పరిశోధన సంఖ్య 37 దాటింది. గుండె ఆగనక్కర్లేదు. అందులో అబ్‌స్ట్రాక్టులు, పోస్టర్లు, ఒకే పని మీద రెండు సదస్సుల్లో ఇచ్చిన ప్రసంగాలు అన్నీ కలిసే ఉంటాయి. ఆ సంఖ్య చూసి బెదిరి, డబ్బు తీసుకుని వారంలో వేసేసే పత్రికల్లో పది వ్యాసాలు కుమ్మరించడం పెద్ద పొరపాటు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే గుట్టు బయటపడుతుంది.

మన దగ్గర పరిశోధనకు సరుకు లేదన్న మాట నిజం కాదు. జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాల తలగాయాలు, కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు చెట్టు మీంచి పడి తెచ్చుకునే వెన్నెముక విరుగుళ్లు, ముసలివాళ్లలో మెదడు పొర కింద నెమ్మదిగా పేరుకునే సబ్‌డ్యూరల్ రక్తపు గడ్డలు మన ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో ఉన్నంతగా అమెరికా పెద్దాసుపత్రుల్లో కూడా ఉండకపోవచ్చు. లేనిది రాత. చెట్టు మీంచి పడిన కేసుల్నే తీసుకోండి. పడిన ఎత్తు, పడిన నేల, ఎన్ని గంటలకు ఆసుపత్రికి చేరాడు, ఎలా మోసుకొచ్చారు, చేరినప్పుడు ఏషియా గ్రేడు (వెన్నుపాము దెబ్బ తీవ్రత) ఎంత, సీటీలో ఏ వెన్నుపూస, ఆపరేషన్ ఎన్నో రోజున, ఆరు నెలలకు నడుస్తున్నాడా లేదా. ఈ ఎనిమిది గళ్లు నిండిన యాభై కేసులుంటే మర్యాదగల పత్రికకు పంపుకోదగ్గ పని అవుతుంది. తలగాయాలైతే స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కోరు మొత్తం ఒక్కటే కాదు, కన్ను, మాట, కదలిక మూడూ విడివిడిగా రాయాలి. కంటిపాపల స్పందన, సీటీకి పట్టిన సమయం, ఎంత కోలుకున్నాడో చెప్పే ఆరు నెలల తర్వాతి గ్లాస్గో ఔట్‌కమ్ స్కేలు కూడా కావాలి.

ఇక్కడ చెడేవి రెండు. ఒకటి, కేసులన్నీ పోగేశాక ఎథిక్స్ కమిటీ దగ్గరికి వెళ్లడం. అనుమతి తేదీ పని మొదలెట్టిన తేదీ తర్వాత ఉంటే పేరున్న పత్రికలు వ్యాసాన్ని చదవకుండానే తిప్పి పంపుతాయి. పాత కేస్ షీట్ల మీద చేసే అధ్యయనానికైనా అనుమతి ముందే ఉండాలి. రెండు, ఆరు నెలల తర్వాత ఫోన్ చేస్తే నంబరు పనిచేయదు. డిశ్చార్జి రోజునే ఇద్దరి నంబర్లు తీసుకోవాలి, ఒకటి ఇంటివాళ్లది, రెండోది పక్కింటివాళ్లదో ఊళ్లో కిరాణా కొట్టువాళ్లదో. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చే విద్యార్థి పరిశోధన పథకం ఎస్‌టీఎస్‌కు ఎంబీబీఎస్‌లో ఉండగానే దరఖాస్తు చేసుకోవాలి. అదీ పట్టా దాకా ఆగదు.

సిఫార్సు లేఖల సంగతి విడిగా చెప్పాలి. ఒక్కో ప్రోగ్రాముకు నాలుగు లేఖలకు మించి పంపలేం. మన పెద్దలు రాసే లేఖ సాధారణంగా కాండక్ట్ సర్టిఫికెట్‌లా ఉంటుంది: క్రమశిక్షణ గలవాడు, కష్టపడతాడు, మంచి కుటుంబం. అక్కడి కమిటీ వెతికేది వేరు. ఎన్నాళ్లు, ఏ హోదాలో చూశారు, తోటివాళ్లతో పోలిస్తే ఎక్కడుంటాడు, ఏ పని అప్పగిస్తే ఎలా చేశాడు. లేఖ అడగడానికి వెళ్లేటప్పుడే విద్యార్థి తను చేసిన పనులు తేదీలతో ఒక పేజీ రాసి చేతికివ్వాలి. లేఖ చదివే హక్కు వదులుకున్నట్టు టిక్ పెట్టాలి. పెట్టకపోతే లేఖ విలువే సగం పోతుంది.

పట్టా వచ్చేసినవాళ్లకు మిగిలిన దారి, ఏదైనా న్యూరోసర్జరీ విభాగంలో ఒకటి నుంచి మూడేళ్లు రీసెర్చ్ ఫెలోగా ఉండటం. ఎకరం అమ్మి మరీ పంపుతున్న తల్లిదండ్రులు విమానం టికెట్ కొనేముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. జీతం ఉందా, ఉంటే ఎంత. ఏ వీసా. ఎన్నాళ్లు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంతకుముందు ఆ ప్రొఫెసర్ దగ్గర పనిచేసిన విదేశీ ఫెలోల్లో చివరి ముగ్గురు ఇప్పుడు ఎక్కడున్నారు. మొదటి మూడింటికీ చక్కగా జవాబిచ్చి నాలుగోదానికి మౌనం వహిస్తే ఆ చోటు వదిలేయండి.

దరఖాస్తు వేళ న్యూరోసర్జరీలో 25 సిగ్నళ్లు ఇస్తారు, అంటే ఈ ప్రోగ్రాముల మీద నాకు నిజంగా ఇష్టం ఉందని ముందే చెప్పుకునే చీట్లు. వాటిని పేరుమోసిన చోట్లకే ధారపోయడం దండగ. ప్రతి ప్రోగ్రాము వెబ్‌సైట్లో ప్రస్తుత రెసిడెంట్ల పేర్లు, చదివిన కాలేజీలు ఉంటాయి. ఏడు బ్యాచ్‌లలో ఒక్క విదేశీ కాలేజీ పేరూ కనబడకపోతే ఆ చీటీ ఇంకోచోటికి పంపండి. పరిశోధన చేసిన విభాగానికి మాత్రం తప్పకుండా పెట్టాలి, ఎలాగూ తెలిసినవాళ్లే కదా అని మానేయకూడదు. తర్వాత ఏ ప్రోగ్రాము ఎన్నో ఇష్టమో చెప్పే ర్యాంకు జాబితా మ్యాచ్‌కు ఇచ్చేటప్పుడు మనసులో ఏది మొదట ఉందో అదే మొదట రాయాలి. మ్యాచ్ లెక్క విద్యార్థి ఇష్టం వైపు నుంచే నడుస్తుంది కాబట్టి తెలివితేటలు చూపిస్తే నష్టపోయేది మనమే. అయితే ఫలితానికి కట్టుబడి తీరాలి, కాబట్టి వెళ్లడం ఇష్టంలేని ఊరు జాబితాలోకే రాకూడదు.

వీసా మాట. శిక్షణకు వచ్చేవాళ్లకిచ్చే జే-1 మీద డాక్టరుకు గరిష్ఠంగా ఏడేళ్లు. న్యూరోసర్జరీ కూడా ఏడేళ్లే. ఆపైన ఫెలోషిప్ చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదంటే డాక్టర్లు కరవైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మాఫీ తెచ్చుకోవాలి. 2024 డిసెంబరులో, ఆ రెండేళ్ల షరతు ఏ దేశాలవాళ్లకో చెప్పే నైపుణ్యాల జాబితా నుంచి భారత్ పేరు తీసేశారు కదా అని కొందరు ధీమాగా ఉన్నారు, రెసిడెన్సీకి వెళ్లే డాక్టర్లకు ఆ సడలింపు వర్తించదు. ఉద్యోగ వీసా హెచ్-1బీకి యూఎస్‌ఎంఎల్‌ఈ చివరి మెట్టైన స్టెప్ 3 ముందే పాసవ్వాలి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ సందు ఇంకా ఇరుకైంది.

ఇంత చదివాక, సొంత దేశంలో దారి లేదా అనిపించాలి. ఉంది, పైగా ఎక్కువమందికి అదే సరైన దారి అని మా అభిప్రాయం. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా ఆరేళ్ల ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ సర్జరీ పట్టా) ఎయిమ్స్, నిమ్‌హాన్స్ వంటి చోట్ల వాటి ఉమ్మడి ప్రవేశపరీక్ష ఐఎన్‌ఐ-సెట్ ద్వారా దొరుకుతుంది. దానికి సమానమైన ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ నీట్-పీజీ ద్వారా. లేదంటే మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆపైన సూపర్ స్పెషాలిటీ ప్రవేశపరీక్ష నీట్-ఎస్‌ఎస్ రాసి మూడేళ్ల ఎంసీహెచ్. ఏళ్లు సమానమే, తేడా వేరేచోట ఉంది. నేరుగా చేరినవాడు మూడో ఏట మనసు మార్చుకుని బయటికొస్తే చేతిలో ఎంబీబీఎస్ ఒక్కటే మిగులుతుంది. ఎంఎస్ చేసినవాడికి సర్జన్ అన్న పేరు ఎక్కడికీ పోదు. మెదడు ఆపరేషన్లు వీడియోల్లో తప్ప చూడనివాళ్లు రెండో దారిలో వెళ్లడమే మంచిది. ఇంకొకటి, నీట్-ఎస్‌ఎస్‌లో న్యూరోసర్జరీకి ప్రత్యేక పేపరు లేదు, అడిగేది జనరల్ సర్జరీ. ఏడాదంతా న్యూరోసర్జరీ పుస్తకాలు చదివి పరీక్ష హాల్లో థైరాయిడ్, పేగు, రొమ్ము కేన్సరు ప్రశ్నల ముందు తెల్లమొహం వేయొద్దు.

చివరిగా కాగితాలు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పట్టాలో మళ్లీ పొడి అక్షరం. ఈ మూడూ కలవకపోతే పరీక్ష కేంద్రం గేటు దగ్గరే ఆపేస్తారు, విదేశీ డాక్టర్ల పట్టాలు సరిచూసే అమెరికా సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ అదనపు రుజువులు అడుగుతుంది. మన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఒకసారి, 2024లో మరోసారి మారింది. మార్కుల జాబితాల మీద ఒక పేరు, పట్టా మీద ఇంకో పేరు ఉన్నవాళ్లు రెండూ ఒకే విశ్వవిద్యాలయమని రిజిస్ట్రార్ నుంచి లేఖ తీసుకుని దగ్గర పెట్టుకోవాలి. 2023లో మొదలైన రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ కాలేజీల పిల్లలు ప్రపంచ వైద్య కాలేజీల ఆన్‌లైన్ జాబితా వరల్డ్ డైరెక్టరీలో తమ కాలేజీ పేజీ తెరిచి, స్పాన్సర్ నోట్ కింద ఈసీఎఫ్‌ఎంజీ పేరు ఉందో లేదో, ఏ సంవత్సరం పట్టాలకు వర్తిస్తుందో ఇప్పుడే చూసుకోవాలి. లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడగాలి. మీ విద్యా పేజీలో ఈఏపీసెట్ తేదీలకు ఇచ్చినంత చోటు ఏటా జనవరిలో ఒక్కసారి ఐఎన్‌ఐ-సెట్, ఎస్‌టీఎస్, ఎలెక్టివ్ దరఖాస్తుల గడువులకు కేటాయించమని మనవి.

ఇట్లు,
ఇద్దరు న్యూరోసర్జరీ అధ్యాపకులు,
కాకినాడ