తిలక్ కవితను పూర్తిగా చదవండి

సంపాదకుల వారికి,

జులై 1 దేవరకొండ బాలగంగాధర తిలక్ వర్ధంతి. 1966లో, 45 ఏళ్లు నిండకముందే ఆయన కన్నుమూశారు. ఆయన పేరు చెప్పగానే గుర్తుకొచ్చే ‘అమృతం కురిసిన రాత్రి’ సంపుటి 1968లో వెలువడింది; దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ తర్వాత 1971లో వచ్చింది. ఈ రెంటిలో ఏదీ ఆయన కళ్లారా చూసుకోలేదు. మనలో చాలామందికి తిలక్ పరిచయమైందే ఆ పుస్తకంతో కాబట్టి, ఆయన్ను తలచుకోవడమంటే దాన్ని తెరవడమే.

కానీ స్మారక సభల్లో జరుగుతున్నది వేరు. పటానికి పూలదండ వేశాక వక్తలు ఎక్కువగా తమ గురించి తాము చెప్పుకొని, ‘నా అక్షరాలు వెన్నెలలో ఆడుకునే అందమైన ఆడపిల్లలు’ అన్న ఒక్క పాదంతో చప్పట్లు కొట్టించుకొని కూర్చుంటారు. (ఆ పాదం అందమైనదే, కాదనను.) అయితే ‘నా కవిత్వం’ అనే ఆ చిన్న కవితలో దానికి పైనున్న పాదాల్లోనే, తన అక్షరాలు కన్నీటి జడులలో తడిసే దయాపారావతాలనీ (దయ నిండిన పావురాలనీ), ప్రజాశక్తులను వహించే విజయ ఐరావతాలనీ ఆయన చెప్పుకొన్నారు. దయనూ ప్రజలనూ వదిలేసి వెన్నెలను మాత్రమే ఏరుకోవడం వల్ల, తిలక్ కొత్త పాఠకులకు వట్టి సౌందర్యారాధకుడిగానే అందుతున్నారు.

ఆకలితో మర్రిచెట్టు కింద ప్రాణం విడిచిన ముసలివాణ్ణి, జోరువానలో వంతెన కింద ప్రసవించి సొమ్మసిల్లిన నిండు చూలాలిని ‘నేను చూశాను నిజంగా’ అని సాక్ష్యం పలికిన ‘ఆర్తగీతం’ కూడా ఆయనదే. అందరి ఇళ్లకూ కబుర్లు మోసుకెళ్తూ, తన గుండె బరువు దింపుకోవడానికి ఒక్క గడపైనా లేని ఉద్యోగి మీద ‘తపాలా బంట్రోతు’ రాసిందీ ఆయనే. ఆ కవితలో మాట ఎక్కడా పెద్దది కాదు, జాలి ఎక్కడా అతి కాదు. నా దృష్టిలో తిలక్ గొప్పతనం అక్కడే ఉంది.

ఈసారి వర్ధంతి సభలు జరిపేవారు ఉపన్యాసాలకు ముందు కనీసం ఒక కవితనైనా మొదటి నుంచి చివరిదాకా, వీలైతే కంఠం బాగున్న విద్యార్థి చేత, చదివించాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా ఆ రోజు సాహిత్య పుటలో ఆయన ఫొటో కొంత చిన్నదైనా సరే, పక్కన ‘నా కవిత్వం’ పూర్తి పాఠాన్ని ప్రచురించగలరని మనవి.

– ఒక పాఠకుడు