సంతకం పెట్టబోయే నా చిన్నికి

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిన గొడవ గురించి పొద్దున్నించీ ఆలోచిస్తూనే ఉన్నా. మీ ట్రైనింగ్‌లో బ్యాచ్ అంతా రెండు జట్లయిపోయి, ఒకళ్ళేమో గవర్నమెంటు గట్టిగా ఉంటేనే జనం ప్రశాంతంగా బతుకుతారని, ఇంకొకళ్ళేమో ఎవరి బతుకు వాళ్ళది, గవర్నమెంటు ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని వాదించుకున్నారన్నావు, ఆఖర్న "ఇన్నేళ్ళు రెవెన్యూలో చేశావు కదమ్మా, నువ్వే చెప్పు" అన్నావు. ఫోన్లో చెప్పడానికి నాకు మాట కుదర్లేదు, అందుకే రాస్తున్నా.

రేపోమాపో నువ్వు ఆర్డీవోవి అవుతావు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటువి కూడా నువ్వే. నీ సంతకంతో ఒక ఊళ్ళో జనం నలుగురు కలిసి నిలబడకూడదు, నీ సంతకంతో ఒక మనిషి నెలల తరబడి పూచీకత్తు మీద బతకాలి. మిగతావాళ్ళు ఈ విషయం కాఫీ తాగుతూ మాట్లాడుకుని లేచిపోవచ్చు, నువ్వు అలా లేచిపోలేవు. అందుకని కొంచెం గట్టిగానే చెప్తా, ఏమనుకోకు.

ముందు ఆ రెండో జట్టు సంగతి. గవర్నమెంటు పక్కకి తప్పుకుంటే మనిషికి స్వేచ్ఛ వచ్చేస్తుంది అనేవాళ్ళు మన వైపు ఊరంటే ఏంటో చూసినట్టు లేరు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తన చేతుల మీదుగా మొదటి వితంతు వివాహం చేయించారు, దానికి చట్టం 1856లోనే వచ్చేసింది, మరి పాతికేళ్ళు ఆపింది ఎవరు? బంధువులు, ఊరిపెద్దలు, వెలేస్తారన్న భయం. అదంతా పాతకాలం అనుకోకు. 2017లో భీమవరం పక్కన గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవతో దళితుల్ని సాంఘిక బహిష్కరణ చేశారు, పొలం పనులకి పిలవడం మానేశారు. ఆ రోజుల్లో అక్కడి కూలివాళ్ళు గవర్నమెంటు దూరంగా ఉండాలని కోరుకోలేదు, ఇంకా ఎందుకు రాలేదని ఎదురుచూశారు.

చెరువుల సంగతి నువ్వు చిన్నప్పటి నుంచీ చూసిందే. చుట్టూ వరిచేలున్న చోట ఒకాయన నా భూమి నా ఇష్టం అని రొయ్యల చెరువు తవ్వేస్తాడు, కొన్నాళ్ళు తిరిగేసరికి పక్క చేను ఉప్పు తేలుతుంది, బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం, చెరువు ఖాళీ చేసినప్పుడు ఆ నీళ్ళన్నీ మురుగుకాలవలోకి వదిలేస్తాడు, అప్పుడు పక్క రైతు స్వేచ్ఛ ఏ గట్టు మీద ఉన్నట్టు? 1996లో సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద అంత గట్టి తీర్పు ఇవ్వాల్సి వచ్చింది ఇలాంటి బాధల వల్లే. కాబట్టి నీకు అధికారం ఉండాలి, వాడాల్సిన చోట భయపడకుండా వాడాలి, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇంక మొదటి జట్టు. నాకు ఎక్కువ భయం వీళ్ళతోనే, ఎందుకంటే ఆఫీసులో కూర్చున్నాక అందరం తెలీకుండానే ఆ జట్టులోకి వెళ్ళిపోతాం.

దాళ్వాకి నీళ్ళు చాలకపోతే ఇరిగేషన్ వాళ్ళు వంతులవారీ పెడతారు కదా, అది కూడా ఆంక్షే, రైతు చేతిలో ఉన్న పంటని గవర్నమెంటు తన గుప్పెట్లో పెట్టుకోవడమే. మీ తాతయ్య తిట్టుకునేవాడు గానీ ఒప్పుకునేవాడు. ఎందుకు ఒప్పుకునేవాడంటే ధవళేశ్వరం దగ్గర నీళ్ళెంత ఉన్నాయో పేపర్లో వచ్చేది, ఏ కాలవకి ఏ రోజు వదుల్తారో ముందే చెప్పేవాళ్ళు, శివారు భూమికి అందకపోతే వెళ్ళి కాలవ చూసుకునే లస్కర్నో ఏఈనో నిలదీయడానికి ఒక మనిషి కనపడేవాడు. అదే రాత్రికి రాత్రి ఎవడో వచ్చి తూము మూసేసి, ఎందుకు మూశాడో ఎప్పుడు తీస్తాడో చెప్పకుండా పోతే ఊరు ఊరుకునేదా? ఆంక్ష రెండు చోట్లా ఆంక్షే. కారణం, గడువు, అడగడానికి ఒక మనిషి, ఈ మూడూ ఉన్నాయా లేవా అన్నదే నేను చూసేది, గవర్నమెంటు గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నది నాకు తర్వాత.

ఇప్పుడు అసలు విషయం, బైండోవర్, అంటే గొడవ చెయ్యనని మనిషి చేత ముందే పూచీకత్తు రాయించుకోవడం. మీ క్లాసుల్లో దీనికి ఎంతసేపు కేటాయించారో గానీ నువ్వు సీట్లో కూర్చున్న మొదటి సంక్రాంతికే నీ టేబుల్ మీదకి వస్తుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107, 110 సెక్షన్లు, దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 126, 129 అయ్యాయి. పండగకి ముందు, ఎలక్షన్లకి ముందు స్టేషన్ నుంచి లిస్టు వస్తుంది, వీళ్ళ వల్ల శాంతిభద్రతలకి భంగం అని. నేను పనిచేసిన ఒక ఆఫీసులో కోడిపందేల లిస్టులో ఒక కొబ్బరి దింపు మనిషి పేరు ఏటేటా వచ్చేది. అతని మీద ఉన్న కేసు ఎప్పుడో కొట్టేశారు. పాత సంవత్సరం లిస్టుని తారీకు మార్చి టైపు చేసి పంపేవాళ్ళు, ఇక్కడ అచ్చేసిన ఫారాల్లో ఖాళీలు నింపి వరసగా సంతకాలు పెట్టించేసుకునేవాళ్ళు, ఆ మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా వరండాలో నిలబడి కూలి పోగొట్టుకుని, తను కట్టలేని మొత్తానికి పూచీ రాసిచ్చి వెళ్ళేవాడు. అదే పండక్కి బరులు వేసి టెంట్లు కట్టి లైట్లు పెట్టి లక్షలు తిప్పేవాళ్ళ పేర్లు లిస్టులో ఉండేవి కావు. నేను నోట్ ఫైల్లో రాశాను, ఈ మనిషి మీద ఇప్పుడు ఏ సమాచారం ఉందో స్టేషన్ని అడగాలని. ఆ ఏడు పేరు తీశారు, ఆ తర్వాత ఏడు మళ్ళీ వచ్చింది.

చట్టం అలా చెయ్యమనలేదు చూడు. మెజిస్ట్రేటుకి వచ్చిన సమాచారం ఏంటో ఆర్డర్‌లో రాయాలి, విచారణ చెయ్యాలి, పూచీ మొత్తం మనిషి స్థితిగతుల్ని బట్టి ఉండాలి, ఎక్కువ ఉండకూడదు, ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి. మధు లిమాయే కేసులో 1970లోనే సుప్రీంకోర్టు ఈ సెక్షన్లన్నీ విడమర్చి చెప్పింది, తీరిక చేసుకుని చదువు. కోడిపందేల గురించి నువ్వు ఫోన్లో అన్నావు, సంప్రదాయం కదా వదిలేస్తే పోలా అని. నేను ఒప్పుకోను గానీ నీ మాటలో ఒక న్యాయం ఉంది. జంతువుల మీద క్రూరత్వం ఆపే చట్టం 1960ది, మన గేమింగ్ చట్టం 1974ది, ఆ మూడ్రోజులూ రెండూ ఎక్కడికి పోతాయో తెలీదు, నాలుగో రోజు మళ్ళీ వచ్చేస్తాయి. అలా అందరూ తప్పు చేసినవాళ్ళే అయి, ఎవర్ని పట్టుకోవాలో ఆఫీసరు ఇష్టం అయిపోతే అది చట్టం కాదు, ఆఫీసరు దయ. అమలు చేస్తే అందరి మీదా చెయ్యి, లేకపోతే ఆ చట్టం వద్దని పైకి రాయి.

సంతకాల గురించి ఇంకోటి. ఎమర్జెన్సీ అనగానే అందరూ ఇందిరాగాంధీ పేరు చెప్తారు, 1975 జూన్ 25 చెప్తారు. కానీ మీసా అని, విచారణ లేకుండా నిర్బంధించే చట్టం కింద మనుషుల్ని లోపలెయ్యడానికి ఆర్డర్లు రాసింది జిల్లాల్లో ఉన్న మెజిస్ట్రేట్లే, అంటే నీలాంటి వాళ్ళే. తర్వాత వేసిన షా కమిషన్ ఢిల్లీ సంగతులు తవ్వితే తేలింది ఏంటంటే పోలీసులు తెచ్చిన కాగితాల మీద, కారణాలు తాము చూసి తృప్తి పడకుండానే కొందరు సంతకాలు పెట్టేశారని. 1976లో సుప్రీంకోర్టులో కూడా, అన్యాయంగా పట్టుకున్నారంటూ ఎమర్జెన్సీలో ఎవరూ కోర్టుకి రాలేరని నలుగురు జడ్జిలు తీర్పిచ్చారు, జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు, ఆయన సీనియారిటీలో ముందున్నా ఆ తర్వాత చీఫ్ జస్టిస్ కాలేకపోయారు. ఆ తీర్పు తప్పని అదే కోర్టు ఒప్పుకోడానికి 2017 దాకా పట్టింది, ప్రైవసీ ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జిలు చెప్పిన కేసులో. నలభై ఏళ్ళు పైన! కోర్టులు ఉన్నాయిలే సరిచేస్తాయి అని నువ్వు సంతకం పెట్టేస్తే, సరిచేసేసరికి ఆ మనిషి ముసలాడైపోతాడు. మీ బ్యాచ్‌లో ఆ అబ్బాయి తప్పు చెయ్యనోడికి దాచుకోడానికి ఏముంటుంది అన్నాడట కదా, ఆ దింపు మనిషి ఏం దాచుకున్నాడో అడుగు ఆ అబ్బాయిని.

2022 మే నెల నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు హైదరాబాదులో కోచింగ్‌లో ఉన్నావు, ఇంటికి వీడియో కాల్ కలవట్లేదని ఏడ్చావు. మన కోనసీమ జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు చేర్చడం మీద మే 24న అమలాపురంలో మంత్రిగారి ఇల్లు, ఎమ్మెల్యేగారి ఇల్లు తగలబెట్టారు. ఇళ్ళు తగలబెట్టడం ఎవరి స్వేచ్ఛా కాదు, ఆ పని చేసినవాళ్ళని, చేయించినవాళ్ళని పట్టుకోవాల్సిందే, ఆ పేరు మీద అంత కోపం ఎందుకొచ్చిందో కూడా మనకి తెలుసు, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన కారణం అది. మొదటి రెండ్రోజులు నెట్ ఆపారంటే నేను తప్పుపట్టను, పుకార్లు అలా తిరుగుతున్నాయి. కానీ కొన్ని మండలాల్లో దాదాపు రెండు వారాలు ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టు మీదకి, అవతల టవర్ సిగ్నల్ అందే చోటికి వెళ్ళి కూర్చున్నారు, కొట్లలో ఫోన్‌పే ఆగిపోయింది. ఎవర్ని అడగాలి? ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్ళు లేరు.

నాకు కోపం తెప్పించింది ఏంటంటే దానికి అప్పటికే రూలు ఉంది. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో, కాశ్మీర్ విషయంలో, సుప్రీంకోర్టు చెప్పింది ఇంటర్నెట్‌ని ఎంతకాలమో చెప్పకుండా ఆపడానికి వీల్లేదని, ఆర్డర్ జనానికి కనపడేలా ప్రచురించాలని, అవసరానికి మించి ఉండకూడదని, జనం గుమిగూడకూడదనే 144 సెక్షన్ ఆర్డర్‌ని ఒకేదాన్ని మళ్ళీమళ్ళీ పొడిగించుకుంటూ పోతే అది అధికార దుర్వినియోగమని. ఆర్డర్ చేతిలో ఉంటేనే కదా మనిషి హైకోర్టుకి వెళ్ళేది. కాగితం లేనిదాన్ని దేని మీద సవాలు చేస్తాడు? ఆర్టికల్ 32ని రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నది అంబేద్కరే, హక్కు పోయినవాడు నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే ఆర్టికల్ అది. ఆయన పేరు మోసుకునే జిల్లాలో ఆర్డర్ కాపీ దొరక్కపోతే ఎలా.

జీవో నంబర్ 1 కూడా చూడు. కందుకూరులో, గుంటూరులో మీటింగుల దగ్గర తొక్కిసలాటలో జనం చచ్చిపోయారు, నిజమైన కారణమే. 2023 జనవరి 2న జీవో ఇచ్చారు, రోడ్ల మీద సభలు వద్దని, దేని కింద? 1861 పోలీసు చట్టం సెక్షన్ 30 కింద, 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ళు రాసుకున్నది. మే 12న హైకోర్టు కొట్టేసింది. సభ ఎక్కడ ఎలా పెట్టాలో చెప్పడం వేరు, సభే వద్దనడం వేరు. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్క్ వద్దన్న ఊళ్ళ మీద 2016లో 144 పెట్టినప్పుడూ నాకు అదే అనిపించింది, వాళ్ళు అడిగింది మా కాలవ ఏమవుతుందని. గట్టిగా అడిగేవాడు, నిప్పు పెట్టేవాడు ఒకే సెక్షన్ కిందకి వచ్చేస్తే రెండోసారి ఎవరూ అడగరు. ఏ పార్టీ వచ్చినా ఇదే కథ, కాబట్టి నన్ను ఏదో పార్టీ కింద జమకట్టకు.

నువ్వు అడిగిన ఆఖరి ప్రశ్నకి జవాబు రాయలేదు కదూ. రాత్రి పదకొండింటికి డీఎస్పీ ఫోన్ చేసి రేపు గొడవ అయ్యేలా ఉంది మేడం, ఇప్పుడే 163 (అంటే పాత 144) కావాలి అంటే ఏం చెయ్యాలని. ఇవ్వు. కానీ డివిజన్ మొత్తానికి కాకుండా ఏ ఊళ్ళకి కావాలో ఆ ఊళ్ళకి ఇవ్వు. ఎవరు ఏం చెప్పారు, ఏం జరిగింది, ఆ సంగతులు నీ మాటల్లో రాయి, వాళ్ళు పంపిన డ్రాఫ్టు కింద సంతకం పెట్టకు. చట్టం రెండు నెలల దాకా ఒప్పుకుంటుంది, రెండు నెలలు రాసెయ్యకు, మూడ్రోజులు చాలేమో చూడు, మూడో రోజు నువ్వే ఆ ఊరెళ్ళి చూసిరా. ఆర్డర్ మీద అభ్యంతరం ఉంటే ఎవరికి అర్జీ పెట్టుకోవాలో కిందే తెలుగులో రాయించు, ఎందుకంటే ఆ ఆర్డర్ వల్ల నష్టపోయినవాళ్ళు మార్చమనో తీసెయ్యమనో నిన్నే అడగొచ్చని చట్టమే చెప్తోంది, ఆ సంగతి జనానికి తెలీదు, ఎవరూ చెప్పరు. దీనివల్ల నీకు పని పెరుగుతుంది, కొందరు ఆఫీసర్లు నిన్ను నసమనిషి అంటారు, ట్రాన్స్‌ఫర్లు కూడా కావచ్చు. మీ నాన్నగారూ నేనూ దానికి సిద్ధంగానే ఉన్నాం, నీ సామాను ఏ ఊరికైనా లారీ ఎక్కించొచ్చు.

వచ్చేవారం అత్తయ్య వాళ్ళు అటు వస్తున్నారు, కాకరకాయ కారం, నువ్వడిగిన పూతరేకులు పంపిస్తున్నా. ఇంకోటి, పోస్టింగ్ వచ్చాక నువ్వు ఇచ్చే మొదటి 163 ఆర్డర్ ఫోటో తీసి నాకు పెట్టు. నోటీసు బోర్డు మీద అంటించేదే కాబట్టి రహస్యమేం కాదు. ఎప్పటిదాకా అన్న తారీకు కనపడేలా తియ్యి.

మీ అమ్మ