పడమటి గోడకి అద్దాలు వద్దు తల్లీ

గుంటూరు,
ఆదివారం

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాం. రాత్రి అన్నాలు తిన్నాక మీ అమ్మ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూపించింది, కొన్నిటి దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. మెట్ల కింద పుస్తకాల అర, కిటికీ వారగా కూర్చోవడానికి కట్టిన దిమ్మె, వంటింట్లో ఆ ఆకుపచ్చ తలుపులు, ఇవన్నీ నాకూ నచ్చాయి. నువ్వూ అల్లుడుగారూ ఇంత ఇష్టంగా ఇల్లు కట్టుకుంటుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ కొన్ని విషయాలు ఫోన్లో తేలేవి కావు. నీకు మీటింగుల మధ్య దొరికే ఐదు నిమిషాల్లో చెబితే నాన్న వద్దన్నాడన్నంత వరకే మిగులుతుంది, ఎందుకు వద్దన్నాడో మిగలదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు ఆ అద్దాల గోడ. మన స్థలం పడమర ఫేసింగ్. ఇంజినీరు గారు గీసిన ఎలివేషన్‌లో కింద హాలు నుంచి పై బెడ్‌రూమ్ దాకా రోడ్డు వైపు మొత్తం అద్దమే. బొమ్మలో చాలా అందంగా ఉంది, కాదనను. ఇలాగే కావాలని నువ్వు ఆయనకి చూపించిన ఫోటో డెన్మార్క్‌లో ఒక ఇల్లు. అక్కడ డిసెంబరు చివర్లో పగలు ఏడు గంటలే ఉంటుంది తల్లీ, ఆ కాస్త ఎండనీ ఇంట్లోకి తెచ్చుకోవడానికి వాళ్ళు గోడంత అద్దాలు పెట్టుకుంటారు. మనకి రెంటచింతల ఎంత దూరం? మే నెలలో మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గుంకే దాకా పడమటి గోడ ఎలా కాలుతుందో, అటు నుంచే వచ్చే వడగాలి మొహానికి ఎలా కొడుతుందో నేను చెప్పక్కర్లేదు, నువ్వు పుట్టి పెరిగిన ఊరు. అద్దం వెలుతుర్ని లోపలికి రానిస్తుంది, ఆ వెలుతురు నేలనీ సోఫానీ కాల్చాక పుట్టే వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. లోపల మందపాటి కర్టెన్లు వేస్తే సరిపోతుందన్నారట. కర్టెన్ దాకా వచ్చిన ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టే కదా. ఆపితే అద్దానికి బయటే ఆపాలి. మన పెద్దవాళ్ళు వట్టివేళ్ళ తడికలు వసారా బయటి అంచుకి కట్టింది అందుకే.

సన్‌షేడ్ పెంచుదామని అల్లుడుగారు అన్న మాట కూడా ఆలోచించాను. దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ చక్కగా పనిచేస్తుంది, అటు ఎండ ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి. పడమట అలా కాదు, సూర్యుడు కిందికి దిగి కళ్ళకి ఎదురుగా వస్తాడు, సన్‌షేడ్ ఎంత పెంచినా దాని కింద నుంచి దూరి వచ్చేస్తాడు. అటు వైపు నిలువు పలకలు కావాలి, లేదా ఇటుకల జాలీ కట్టించాలి. కేరళలో లారీ బేకర్ గారు కట్టిన ఇళ్ళు చూడు, ఇటుకలు వదిలి వదిలి పేర్చిన జాలీలతో ఆయన ఎంత చల్లదనం, ఎంత అందం తెచ్చారో. ఇంకొకటి, మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. ఇంటికి దక్షిణాన పెద్ద అద్దాలు పెట్టుకోండని యూరప్ వాళ్ళ వీడియోల్లో చెప్పేది వాళ్ళ చలికాలం కోసం. మన ఎండాకాలానికి దాంతో పని లేదు.

కాబట్టి నా మాట ఇది. పడమట అద్దం తీసేసి మెట్లు, బాత్రూములు, స్టోర్ రూమ్, బట్టల బీరువాలు అన్నీ ఆ వైపుకి చేరుద్దాం. మనుషులు ఎక్కువసేపు ఉండని చోట్లు ఎండని భరిస్తే పడగ్గదులు చల్లగా ఉంటాయి. సిద్ధాంతి గారు పడమర, నైరుతి బరువుగా ఉండాలన్నప్పుడు అల్లుడుగారు విసుక్కున్నారని అమ్మ చెప్పింది. వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా మన ఎండకి అక్కడ బరువైన గోడ ఉండటమే మంచిది, ఆయనకి ఈ లెక్క చెప్పు, అర్థం చేసుకుంటారు. సాయంత్రం సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. ఆ దిక్కున కిటికీలు ఎంత పెద్దవి పెట్టుకున్నా నేను అడ్డు చెప్పను, నువ్వు ముచ్చటపడ్డ ఆ కిటికీ దిమ్మె అక్కడే కట్టించు.

నాన్న పాతకాలం ఇల్లు కట్టమంటున్నాడని అనుకుంటావేమో, అది కాదు. పుదుచ్చేరిలో గోల్కొండ్ అని ఒక భవనం ఉంది, ఫోటోలు వెతికి చూడు. అరవిందాశ్రమం వాళ్ళ వసతి గృహం, 1930ల చివర్లో మొదలుపెట్టి 1940ల్లో పూర్తి చేశారు. మన దేశంలో కాంక్రీటుతో వచ్చిన తొలి మోడర్న్ కట్టడాల్లో ఒకటి. హైదరాబాద్ దివాను అక్బర్ హైదరీ గారి చొరవతో నిజాం విరాళం ఇచ్చారట, ఆ కృతజ్ఞతతో గోల్కొండ పేరు పెట్టుకున్నారు. గీసింది ఆంటోనిన్ రేమండ్, దగ్గరుండి కట్టించినవాళ్ళలో జార్జ్ నకషిమా ఉన్నారు. ఆయనే తర్వాత అమెరికాలో చెక్క సామాను చేసి పెద్ద పేరు తెచ్చుకున్నారు, నువ్వు పంపిన ఫోటోల్లో చెట్టు అంచు చెక్కకుండా అలాగే వదిలేసిన డైనింగ్ టేబుల్ ఉంది చూడు, ఆ పద్ధతికి పేరు తెచ్చింది ఆయనే. ఆ భవనానికి పొడుగు గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ ఉంటాయి, ఆ రెండు వైపులా మొత్తం అడ్డ పలకలే, చేత్తో తిప్పితే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. గదులకి జరిపే టేకు తలుపులు, వాటి సందుల్లోంచి కూడా గాలి ఆడుతుంది. పైకప్పు మీద ఇంకో పొర పలకలు, మధ్యలో గాలి తిరిగే ఖాళీ. ఎండ గురించి అంత ఆలోచించి కట్టారు, ఇప్పటికీ కొత్తగా కనిపిస్తుంది. ఇంజినీరు గారికి డెన్మార్క్ ఫోటోకి బదులు ఇది చూపించు.

మన డాబాకి రెండో కప్పు అక్కర్లేదు. విరిగిన తెల్ల పింగాణీ టైల్స్ ముక్కలు పరిపిస్తే చాలు. అహ్మదాబాద్‌లో బాలకృష్ణ దోషీ గారు, 2018లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చినాయన, తన సొంత ఆఫీసు సంగాత్ కప్పులకి అదే వేయించారు. అది కుదరకపోతే ఏటా ఎండలు ముదరకముందే పిడుగురాళ్ళ సున్నం కొట్టించుకోండి. ఫాల్స్ సీలింగ్ హాల్లో లైట్ల వరకు చేయించుకోండి, పడగ్గదుల్లో వద్దు, ఎత్తు తగ్గితే ఫ్యాను వేడి గాలినే మళ్ళీ మళ్ళీ కిందికి తోస్తుంది.

మీ నాయనమ్మ వాళ్ళ తెనాలి దగ్గరి మండువా ఇల్లు నీకు లీలగా గుర్తుండాలి. నాలుగు వైపుల నుంచీ పెంకులు లోపలికి వాలి, నడుమ ఆకాశం కనిపించేది, ఇంట్లో వేడంతా అందులోంచి పైకి పోయేది. రెండొందల గజాల్లో మండువా ఎక్కడ పడుతుంది, నేను అడగను. మెట్ల గది పైన నాలుగు వైపులా గాలి పోయే సందులు మాత్రం వదలమను, పైన అద్దం పలక వేస్తే దానికి నీడ కూడా పెట్టమను. కింద తూర్పు కిటికీ తీసి పెడితే గాలి దానంతట అదే ఇల్లంతా తిరిగి పైకి వెళ్ళిపోతుంది. కరెంటు పోయిన రాత్రి దీని విలువ తెలుస్తుంది.

ఇక కుర్చీలు. నువ్వు గుర్తు పెట్టి పంపిన టేకు కుర్చీ, పేము అల్లింది, కాళ్ళు కింద విడిపోయి పైన కలిసేది, దాని ధర చూసి మీ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. దాని వెనకాల పెద్ద కథ ఉంది. 1950ల్లో చండీగఢ్ కడుతున్నప్పుడు ఆ నగరానికి ప్లాను గీసిన లె కార్బూజియే గారి దగ్గరి బంధువు పియేర్ జన్నరే అక్కడే ఉండిపోయి ఆఫీసులకీ, కాలేజీలకీ, లైబ్రరీలకీ కుర్చీలూ బల్లలూ గీశారు. దొరికే టేకు, పేము, అక్కడి వడ్రంగుల చేతులు, అంతే. వేల సంఖ్యలో తయారయ్యాయి. కొన్ని దశాబ్దాలకి అవి విరిగి మేడల మీదా పెరళ్ళలోనూ గుట్టలుగా పడితే తుక్కు కింద వేలం వేశారు, కొన్నవాళ్ళు బాగుచేయించి విదేశాల్లో లక్షల రూపాయలకి అమ్ముకున్నారు. ఆ కుర్చీ మీద నీ మనసు పడటం నాకు గర్వంగా ఉంది, నీ కన్ను మంచిది. కానీ నకలుకి అంత డబ్బు పోయొద్దు. మొదట చేసింది పేరు తెలియని వడ్రంగులే, మన మేస్త్రి కూడా చేస్తాడు. నేను అడితికి వెళ్ళి పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు దూలాలు చూసి వచ్చాను, బాగా ఆరిన చెక్క, ఇక వంగదు. పేము అల్లేవాళ్ళు దొరక్కపోతే నవారు బిగిద్దాం, ఊడినా మళ్ళీ మనమే బిగించుకోవచ్చు.

కూర్చునే ఎత్తు మాత్రం పదిహేడు, పద్దెనిమిది అంగుళాలకి తగ్గనివ్వకు. ఇప్పుడు ఫోటోల్లో కనిపించే సోఫాలన్నీ నేలకి ఆనుకున్నట్టు ఉంటున్నాయి, చూడ్డానికి గది పెద్దగా కనిపిస్తుంది నిజమే, కానీ మీ అత్తగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, మీ అమ్మకి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. మీ ఇంటికి వచ్చి మేం సోఫా చివర అంచున కూర్చుని వెళ్ళిపోకూడదు కదా. చేతులున్న కుర్చీలు కనీసం నాలుగు ఉండాలి. మీ తాతయ్య పడక కుర్చీ మన స్టోర్ రూమ్‌లో ఉంది, పాలిష్ పట్టించి కొత్త గుడ్డ వేయించి మీ సిటౌట్‌లో వేస్తాను.

బీరువాలూ కిచెన్ కప్‌బోర్డులూ విషయంలో బేరం మాట్లాడేటప్పుడు పైన అంటించే లామినేట్ రంగు కన్నా లోపలి బోర్డు ఏమిటో ముందు అడుగు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మీ పెద్దమ్మ వాళ్ళింట్లో నీళ్ళు దిగాక నేనూ మీ బాబాయీ వెళ్ళి సామాను బయటికి మోశాం. రంపపు పొట్టు అతికించి చేసిన బోర్డులతో కట్టిన కప్‌బోర్డులు నీళ్ళు తాగిన రొట్టెలా ఉబ్బి చేతిలోకి ఊడి వచ్చాయి. ఆ ఇంట్లోనే పాత టేకు మంచం కడిగి ఎండలో పెడితే ఇప్పటికీ దాని మీదే పడుకుంటున్నారు. అన్నీ టేకు చేయించమనను, అంత ఖర్చు వద్దు. వంటింట్లోనూ సింకు కిందా, బాత్రూము గోడకి ఆనుకున్న చోటా నీళ్ళకి తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడించు, ముద్ర షీటు మీద నువ్వే కళ్ళతో చూడు. మిగతా చోట్ల మామూలు వాడకానికి చేసే ఐఎస్ 303 రకం సరిపోతుంది. పునాది దశలోనే చెదల మందు కొట్టించమని ఇంజినీరు గారికి నేను చెబుతాను.

తెల్ల ఇటాలియన్ మార్బుల్ వంటగట్టు వద్దమ్మా. చింతపండు పులుసు, నిమ్మకాయ పిండిన చుక్క పడితే మార్బుల్ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, పసుపు సంగతి సరే సరి. మన ఇంట్లో ఆవకాయ కలపకుండా, గోంగూర ఉడకకుండా ఏ ఏడు గడుస్తుంది? చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మనకి దగ్గర్లోనే తవ్వుతారు, నల్ల రాయిలో బంగారు చుక్కలు, దాని కోసం ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో కొనుక్కుపోతారు. సిటౌట్‌కీ వరండాకీ పల్నాటి నాపరాళ్ళు వేయిద్దాం, చెప్పుల్లేకుండా నడిస్తే ఎంత హాయిగా ఉంటుందో. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదే. ఓపెన్ కిచెన్ నీ ఇష్టం, కాకపోతే ఎండుమిరపకాయల తాలింపు వేసినప్పుడు మూసుకోవడానికి జరిపే తలుపు ఒకటి పెట్టించు. కర్టెన్లకి మంగళగిరి నేత గుడ్డ తీసుకుందామని అమ్మ అంటోంది, రంగులు నువ్వే చెప్పు.

బుధవారం ఇంజినీరు గారు ఇక్కడికి వస్తున్నారు. ఈలోపు నువ్వూ అల్లుడుగారూ పడమటి గోడ సంగతి ఒకమాట అనుకుని నాకు చెప్పండి, కాదంటే ఎందుకు కాదో అదీ రాయండి, నేను వింటాను. ఇంకో పని, గోడకి ఆనుకుని నిటారుగా నిలబడి మోచెయ్యి నేల నుంచి ఎన్ని అంగుళాలుందో అల్లుడుగారి చేత టేపుతో కొలిపించుకుని పంపు, దానికి నాలుగు అంగుళాలు తగ్గించి వంటగట్టు వేయిస్తాం. ఆయనదీ కొలిచి పంపు, వంట ఇద్దరూ చేస్తారుగా.

మీ నాన్న