కొత్త కంప్యూటర్‌కి నెట్ రప్పించిన ముగ్గురికి కృతజ్ఞతలు

మా ఇంట్లో కొత్త కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఇప్పుడు నిలకడగా వస్తోంది. ఇందుకు కారణమైన ముగ్గురికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు చేసిన సాయం ఏమిటో మాత్రం వివరంగా చెబుతాను. ఇదే ఇబ్బందితో తల పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకీ పనికొస్తుంది.

ఇంట్లో ఫోన్లన్నింటికీ, టీవీకీ వైఫై బాగానే వస్తోంది. కొత్త కంప్యూటర్‌కి మాత్రం రాదు. కనెక్ట్ అయినట్టే చూపించి, పక్కనే ఇంటర్నెట్ లేదని చెప్పేది. కేబుల్ పెట్టినా అంతే. పైగా ఒక్కోసారి దానంతటదే వచ్చేసేది. రాత్రి ఆపేసి పొద్దున ఆన్ చేస్తే మళ్లీ ఉండేది కాదు. కంప్యూటర్ అమ్మినవాళ్లు లైన్‌లోనే లోపం అన్నారు. లైన్ ఇచ్చినవాళ్లేమో ఫోన్లకి వస్తోంది కదా, లోపం కంప్యూటర్‌దే అన్నారు. అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఎవరిని పట్టుకోవాలో తెలియక చాలా టెన్షన్ పడ్డాం. విండోస్ మళ్లీ ఎక్కించమని ఒకరు, రౌటర్ మార్చేయమని ఇంకొకరు చెప్పారు.

అన్నయ్యా, మీరు మాత్రం దేన్నీ మార్చమనలేదు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి, నిద్ర మానుకుని ఫోన్‌లో కూర్చుని, మీరు అడిగిన మొదటి మాట కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబర్) ఎంత ఉందని. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిపించి, ఆ అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టించారు. 169.254తో మొదలైన అంకె చదవగానే, "రౌటర్ నుంచి దీనికి అడ్రస్ అందడం లేదమ్మా" అన్నారు. అప్పటిదాకా ఎవరూ చెప్పని మాట అది.

ఆ తర్వాత మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఇంటి నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ కావాలి. మామూలుగా దాన్ని రౌటరే ఇస్తుంది. ఆ ఏర్పాటునే డీహెచ్‌సీపీ అంటారు. కంప్యూటర్ ఎంత అడిగినా జవాబు రాకపోతే విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది. దాంతో బయటి ఇంటర్నెట్‌కి వెళ్లడం కుదరదు. అందుకే కనెక్ట్ అయినట్టు కనిపిస్తుంది కానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోదు.

అంతటితో ఆగకుండా, తప్పు ఎక్కడ లేదో కూడా ఒక్కొక్కటిగా తేల్చారు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి పంచడం) ఆన్ చేయించారు. నెట్ వెంటనే వచ్చింది. అంటే విండోస్, బ్రౌజర్, యాంటీవైరస్ ఏవీ అడ్డుపడటం లేదు. తర్వాత ఆటోమేటిక్ తీసేసి, అడ్రస్‌ని చేత్తో పెట్టించారు: 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ (ఇంటి నెట్‌వర్క్ హద్దు చెప్పేది) 255.255.255.0, గేట్‌వే (బయటికి వెళ్లే దారి) దగ్గర మా రౌటర్ అడ్రస్ 192.168.1.1, డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) 8.8.8.8. ముందు రౌటర్‌ని పింగ్ చేయించారు, అంటే పలుకుతోందో లేదో పిలిచి చూడటం; జవాబు వచ్చింది. 8.8.8.8ని పింగ్ చేయించారు, అక్కడి నుంచీ వచ్చింది. సైట్లన్నీ తెరుచుకున్నాయి. కంప్యూటర్ బాగుంది, లైన్ బాగుంది. ఎవరి మాటా పూర్తిగా నిజం కాదని ఆ ఒక్క పరీక్షతో తేలిపోయింది.

ఇక మిగిలింది రౌటర్ అడ్రస్ ఎందుకు ఇవ్వడం లేదన్న ప్రశ్న. దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే డీహెచ్‌సీపీ రేంజ్, అంటే రౌటర్ పంచే అడ్రస్‌ల చివరి సంఖ్య, 100 నుంచి 109 వరకే ఉంది. బిగించి వెళ్లినవాళ్లు అలా పెట్టి వెళ్లారు. అంటే మొత్తం పది అడ్రస్‌లే. మా ఇంట్లో అందరి ఫోన్లు, టీవీ, టాబ్లెట్, ప్రింటర్, కెమెరా కలిపితే అవి దాదాపు అయిపోతాయి. ఇంటికి ఎవరైనా వచ్చి వైఫై వాడుకుంటే, వాళ్లు వెళ్లాక కూడా గడువు ముగిసేదాకా ఆ అడ్రస్ వాళ్ల ఫోన్ పేరు మీదే ఉంటుంది. మా రౌటర్‌లో ఆ గడువు 2 గంటలు. పది కుర్చీలున్న గదిలోకి పదకొండో మనిషి వస్తే నిలబడాల్సిందే కదా. ఫోన్లు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి కాబట్టి తమ కుర్చీ వదలవు. రాత్రంతా ఆపి ఉంచే కంప్యూటరే పోగొట్టుకుంటుంది.

రేంజ్‌ని 199 దాకా పెంచి, కంప్యూటర్‌ని మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టగానే 192.168.1.110 అని వచ్చింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏం జరిగినా రౌటర్ ఆపి ఆన్ చేయమనే సలహా అందరూ ఇస్తారు. మాకూ అలా చేస్తే కాసేపు పనిచేసేది. చాలా రౌటర్లలో ఆపగానే పాత జాబితా చెరిగిపోతుందట. ఆన్ అయ్యాక ఎవరు ముందు అడిగితే వాళ్లకి అడ్రస్ దొరుకుతుంది. దాంతో అసలు కారణం కనపడకుండా పోయేది. అన్నయ్య వివరించాకే ఈ సంగతి అర్థమైంది. ప్రతి పనీ ఎందుకు చేయిస్తున్నారో చెప్పి మరీ చేయించారు. ఎంత రుణపడి ఉన్నానో ఆయనకి ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను. అన్నయ్యా, ఇప్పుడు చెబుతున్నాను. నేను నేర్చుకున్నది మా అమ్మాయికీ నేర్పాను.

ఆఫీసులో నా పక్క సీటు మేడమ్‌కి కూడా ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నెట్ వచ్చాక వేగం తక్కువగా ఉందంటే, సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ (కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య కేబుల్ మీద వేగం) చూడమన్నారు. 100 ఎంబీపీఎస్ అని ఉంది. కంప్యూటర్, రౌటర్ రెండూ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ వేగం) వే అయితే అక్కడ 1000 ఉండాలట. 100కి కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి, కాబట్టి కేబుల్‌ని అనుమానించమన్నారు. సరిగ్గా అదే. మా పాత కేబుల్ తలుపు సందులో నలిగి ఉంది.

పక్కింటి తమ్ముడు అడగ్గానే తన కేబుల్ తీసి ఇచ్చాడు. అది పెట్టగానే 1000 చూపించింది. తమ్ముడూ, నీ గేమింగ్ ఆపుకుని మరీ ఇచ్చావని మీ అమ్మగారు చెప్పారు. చాలా థాంక్స్. మేం కొత్తది తెచ్చుకున్నాం, నీది సాయంత్రం తెచ్చి ఇస్తాను.