పొద్దుటి పేపరు, మధ్యాహ్నం పిల్లలు

సంపాదకులు గారికి,

నమస్కారం. పరీక్షల రోజులు వచ్చాయంటే ప్రశ్నపత్రాల లీకుల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. డబ్బు తీసుకుని పేపరు అమ్మడం నేరమన్న విషయంలో ఎవరికీ రెండో మాట లేదు. నేను రాయదలచుకున్నది పైసా చేతులు మారని వ్యవహారం గురించి. పొద్దుటి బ్యాచ్ పరీక్ష రాసి బయటికొస్తుంది. మధ్యాహ్నం బ్యాచ్ వరండాలో నిలబడి ఉంటుంది. "ఏమొచ్చాయిరా?" అని ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు. తప్పు చేస్తున్నామన్న ఊహ ఇద్దరికీ ఉండదు.

ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెబుతున్నాను. చాలాకాలం నాకూ ఆ ఊహ లేదు. రెండు బ్యాచ్‌లకూ ఒకటే పేపరు ఇచ్చేవాణ్ణి. ఒక ఏడాది, సంవత్సరం మధ్యలో వచ్చి చేరిన అమ్మాయి ఒకతి మధ్యాహ్నం బ్యాచ్‌లో అందరికంటే తక్కువ మార్కులు తెచ్చుకుంది. పేపరు చూపించినప్పుడు మార్కుల గురించి ఒక్క మాట అనలేదు. "మాస్టారూ, పొద్దున వచ్చినవే మళ్ళీ వస్తాయని అందరికీ ముందే తెలుసా? నాకెవరూ చెప్పలేదు" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, తానేదో తెలుసుకోవలసింది తెలుసుకోలేకపోయానన్నట్టు అడిగింది. అప్పటికి ఆ క్లాసులో ఆమెకు స్నేహితులెవరూ లేరు.

తర్వాతి పరీక్షకు ప్రశ్నలు అవే ఉంచి అంకెలు మార్చాను. పొద్దున ఇచ్చిన శంఖువుకు వ్యాసార్థం 7, ఎత్తు 24. ఏటవాలు ఎత్తు 25 అవుతుంది, ప్రక్కతల వైశాల్యం 550. మధ్యాహ్నం వ్యాసార్థం 5, ఎత్తు 12 ఇచ్చాను. ఏటవాలు ఎత్తు 13 అవుతుంది, జవాబు 550 రానే రాదు. దిద్దుతుంటే ఒకదాని తర్వాత ఒకటి 550 తగిలింది. పదకొండు పేపర్లు. కొందరు సూత్రం సరిగ్గానే రాసి, 5నూ 13నూ అందులో పెట్టి, చివరికి గీత గీసి 550 అని వేశారు. వాళ్ళకు లెక్క రాక కాదు. చేతిలో ఉన్న లెక్క కంటే చెవిన పడిన జవాబు మీదే నమ్మకం ఎక్కువైంది. ఆ రాత్రి కోపం కంటే దిగులే ఎక్కువేసింది.

పిల్లలను దొంగలనడం నాకు ఇష్టం లేదు. అడిగిన స్నేహితుడికి చెప్పకపోతే స్వార్థపరుడంటారు. చెప్పేవాడికి దక్కేదేమీ లేదు, అభిమానంతోనే చెబుతాడు. చిన్నప్పటి నుంచి ఉన్నది పంచుకోమని మనమే నేర్పాం కదా! అయితే పుస్తకం పంచుకుంటే ఎవరికీ ఏమీ తగ్గదు. ర్యాంకులు వేసే పరీక్షలో ఒకరు అయాచితంగా పైకి వెళితే మరొకరు కిందికి దిగాల్సిందే. ఆ దిగేది చెప్పినవాడూ కాదు, విన్నవాడూ కాదు. గుంపులో లేని పిల్ల, వాట్సాప్ గ్రూపులో నంబరు లేని పిల్లవాడు. పంచుకోవడమని మనం పిలుస్తున్నది నిజానికి కొందరి మధ్యే జరుగుతోంది. నా అభ్యంతరమంతా అక్కడే.

పాత ప్రశ్నపత్రాల సంగతి పూర్తిగా వేరు. పరీక్ష అందరికీ అయిపోయాక ఆ పేపరు ఎంతమంది చేతుల్లోకి వెళితే అంత మంచిది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత మళ్ళీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత చూస్తే తారుమారైంది. చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంది, తమను తాము పరీక్షించుకున్నవాళ్ళకు 56. కాబట్టి పాత పేపరు దగ్గర పెట్టుకుని, గడియారం చూసుకుంటూ రాసే పిల్లవాడు చదువుకుంటున్నట్టే. అదే పేపరుకు జవాబులు బట్టీ పట్టేవాడికి ఆ లాభం లేదు.

పెద్దలం కూడా ఈ తప్పులో భాగస్తులమే. అవే ప్రశ్నలను మళ్ళీ మళ్ళీ వాడుతూ, అవి బయటికి రాకూడదని ఆశపడతాం. 1994లో అమెరికాలో, పై చదువుల ప్రవేశాలకు రాసే జీఆర్ఈ పరీక్షను కంప్యూటర్ మీద పెడుతున్న కొత్తల్లో ఇదే జరిగింది. ఒక శిక్షణ సంస్థ తన మనుషులను పరీక్షకు పంపి, వాళ్ళకు గుర్తున్న ప్రశ్నలన్నీ కూడగట్టి, చాలా ప్రశ్నలు తిరిగి వస్తున్నాయని చూపించింది. నిర్వాహకులు పరీక్షను కొద్ది రోజులు ఆపారు, ఆ సంస్థ మీద కోర్టుకూ వెళ్ళారు. 2024 మేలో, అనేక దేశాల బడిపిల్లలు రాసే ఇంటర్నేషనల్ బాకలారియేట్ పరీక్షలప్పుడు, ముందుగా తెల్లవారే దేశాల్లో రాసేసిన కొందరు విద్యార్థులు ప్రశ్నలను ఇంటర్నెట్‌లో పెట్టారు. మిగతా దేశాల్లో పరీక్ష ఇంకా మొదలు కాలేదు. మా వరండాయే, కాకపోతే ప్రపంచమంత పెద్దది.

చిన్నప్పటి అలవాటు పెద్దయ్యాక పోతుందని ధీమాగా ఉండటానికీ లేదు. 2010లో, అక్కడి వైద్యులకు పరీక్ష పెట్టి అర్హతపత్రం ఇచ్చే అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్, పరీక్ష ప్రశ్నలను అడిగి తెచ్చుకున్నందుకూ ఇతరులకు అందించినందుకూ 139 మంది వైద్యుల మీద చర్య తీసుకుంది. వాళ్ళు చదువు రానివాళ్ళని నేననను. కానీ ఆ పరీక్ష చూసి వైద్యుణ్ణి నమ్మే రోగికి, ప్రశ్న ముందే తెలిసి రాసిందేదో తెలియక రాసిందేదో ఎలా తెలుస్తుంది?

పరీక్షలు నిర్వహించే వారికి మీ పత్రిక ద్వారా విన్నవించేది ఇది. రెండు పూటలా పరీక్ష పెడితే రెండు పేపర్లు తయారు చేయండి. పని రెట్టింపవుతుంది, నిజమే. ఆ శ్రమ మనది, పిల్లల మీదికి నెట్టకూడదు. అందరూ రాసేశాక పేపరును అధికారికంగా బయటపెట్టండి. ప్రశ్నలను మళ్ళీ వాడక తప్పని పరీక్షలైతే, ఏది చెప్పుకోవచ్చో ఏది చెప్పుకోకూడదో పరీక్షకు ముందే, కారణంతో సహా, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. హాల్ టికెట్ వెనక చిన్న అక్షరాల్లో అచ్చు వేస్తే చెప్పినట్టు కాదు.

విద్యార్థులను ఒక్కటే అడుగుతాను. పరీక్ష రాసి వచ్చిన స్నేహితుణ్ణి "ఏమొచ్చాయి" అని అడిగి ఇరకాటంలోకి నెట్టకండి. బయటికొచ్చినవాళ్ళు "నువ్వు రాశాక మాట్లాడుకుందాం" అంటే చాలు, దానికి స్నేహం చెడదు.

మా దగ్గర ఇప్పుడు రెండు పేపర్లు చేస్తున్నాం. పొద్దుటి పరీక్ష అవగానే ఆ పేపరును నేనే నోటీసు బోర్డుకు అంటిస్తున్నాను. మధ్యాహ్నం బ్యాచ్ అంతా దాని చుట్టూ చేరుతుంది. ఏ లెక్క ఎలా చేయాలో గట్టిగానే వాదించుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఆ గుంపులో నిలబడి చదువుకుంటారు.

భవదీయుడు,
ఒక లెక్కల మాస్టారు