మమ్మల్ని అట్లాంటిక్ దాటించినవాళ్ళకు కృతజ్ఞతలు

మా ఆయనా నేనూ మా 32 అడుగుల తెరచాప పడవలో క్షేమంగా కరీబియన్ దీవి బార్బడోస్ చేరాం. కార్లైల్ బేలో లంగరు వేసి, బ్రిడ్జ్‌టౌన్‌లో ఇమిగ్రేషన్ పనులు ముగించుకుని, కంటినిండా నిద్రపోయి లేచాక ఇది రాస్తున్నాను. మాకు సాయం చేసినవాళ్ళ గురించి మనవాళ్ళందరికీ తెలియాలి.

ఆఫ్రికాకు పడమటగా ఉన్న కేప్ వెర్దె దీవుల్లోని మిందెలో రేవు నుంచి ఇక్కడికి సుమారు 2,000 నాటికల్ మైళ్ళు. ఈశాన్యం నుంచి వీచే ట్రేడ్ విండ్స్ వెనకనుంచి తోస్తుంటాయి కాబట్టి చిన్న పడవలకు ఇది అనువైన దారే. కానీ పడవలో ఇద్దరే ఉంటే చుక్కాని పట్టడానికి మూడో మనిషి లాంటిది ఒకటి ఉండాలి. మాకు ఆ పని చేసిపెట్టేది గాలితో నడిచే విండ్ వేన్. సగం దారిలో దాని కడ్డీ విరిగిపోయింది. అదే పని కరెంటుతో చేసే టిల్లర్ పైలట్‌లోకి అప్పటికే ఉప్పునీళ్ళు చేరి, అదీ ఆగిపోయింది.

ఇక రాత్రీ పగలూ చేత్తోనే. మూడు గంటలు ఆయన, మూడు గంటలు నేను. వెనకనుంచి పెద్ద అలలు వస్తున్నప్పుడు టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) ఒక్క నిమిషం వదిలినా పడవ అడ్డం తిరుగుతుంది, తెరచాప అడుగున ఉండే బూమ్ అనే అడ్డకర్ర ఆ పక్కనుంచి ఈ పక్కకు విసురుగా వచ్చి కొడుతుంది. అందుకని వంట లేదు, ఇద్దరం కలిసి కూర్చున్నదీ లేదు. నిద్ర చాలక ఆయనకు లేని దీపాలు కనిపించడం మొదలయ్యాక నాకు నిజంగా భయం వేసింది.

మిందెలోలో మా పక్కనే పడవ కట్టుకున్న ఒక ఫ్రెంచ్ దంపతులు మా తర్వాత బయల్దేరారు. ఇద్దరూ రిటైరైనవాళ్ళు. శాటిలైట్ మెసేజ్‌లో సంగతి చెప్పామో లేదో, మేం ఉన్న అక్షాంశ రేఖాంశాలు అడిగి తమ దారి మార్చుకున్నారు. చుట్టుపక్కల ఓడల్ని చూపించే ఏఐఎస్ తెర మీద వాళ్ళ పడవ గుర్తు కనిపించినప్పుడు నేను ఏడ్చేశాను.

అంత అలల్లో రెండు పడవలు దగ్గరికి వస్తే తెరచాప స్తంభాలే ఒకదానికొకటి తగిలి విరుగుతాయి. అందుకే ఆ ఫ్రెంచ్ పెద్దాయన నీళ్ళలో తేలే పొడవాటి తాడు చివర ఫెండర్ (పడవ పక్కలకు దెబ్బ తగలకుండా కట్టే గాలి బుంగ), నీళ్ళు చొరని సంచీ కట్టి వదిలి, మా ముందునుంచి నెమ్మదిగా దాటారు. మేం కొక్కెం కర్రతో తాడు అందుకున్నాం. సంచీలో వాళ్ళ దగ్గరున్న స్పేర్ టిల్లర్ పైలట్, వైర్లు ఎలా కలపాలో బొమ్మ గీసిన కాగితం, ఎత్తు సరిపోకపోతే కింద పెట్టుకోమని కోసిన చెక్కముక్క. వాటితోపాటు ఆవిడ పొద్దున కాల్చిన రొట్టె. ఆ చెక్కముక్క నిజంగానే అవసరమైంది! అంత ముందుచూపు ఉన్న మనుషులు వాళ్ళు.

అంతటితో వెళ్ళిపోలేదు. మాకంటే వేగంగా వెళ్ళగల పడవ అయినా సెయిల్ తగ్గించుకుని, వీహెచ్ఎఫ్ రేడియో అందే దూరంలోనే మాతో నడిచారు. అర్ధరాత్రి ఆ రేడియోలో వినిపించే పలకరింపు మాకు ఎంత ధైర్యమో చెప్పలేను.

కాకినాడలో ఉన్న మా తమ్ముడికి కూడా థాంక్స్ చెప్పాలి. మాకు సాయంత్రం 6 అయితే వాడికి తెల్లవారుజాము 2:30. అలారం పెట్టుకుని లేచి, గాలి ఎటు మారుతుందో, వాన మబ్బులు ఎక్కడున్నాయో చూసి రోజూ చిన్న మెసేజ్ పంపాడు. అమ్మకు మాత్రం టెన్షన్ పెట్టే విషయాలేవీ చెప్పలేదు. థాంక్స్ రా.

ఒక రాత్రి మా పిలుపు విని, దారి మార్చి దూరంగా తప్పుకుని వెళ్ళిన సరుకు ఓడ అధికారికి, తాళ్ళు ఒరుసుకునే చోట తోలు చుట్టి కుట్టిచ్చిన మిందెలో సెయిల్ పనివాడికి మా నమస్కారాలు.

ఫ్రెంచ్ దంపతులకు విడిగా ఉత్తరం రాశాం. టిల్లర్ పైలట్‌కి డబ్బు ఇస్తామంటే ససేమిరా అన్నారు. విండ్ వేన్ బాగు చేయించుకుని మేం మార్టినిక్ దీవికి వెళ్తున్నాం, వాళ్ళు అక్కడి లే మారాన్ ఊళ్ళో ఉంటామన్నారు. టిల్లర్ పైలట్ వాళ్ళ చేతిలో పెట్టి, మా పడవలో పులిహోర, పప్పుచారుతో భోజనం పెట్టాలి. చింతపండు, ఇంగువ దాచి ఉంచాను.