తొడ దారి తప్పు దారి కాదు

కొత్తపేట

చిరంజీవి రవికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మొన్న వీడియోలో నా తొడ మీది కమిలిన మచ్చ చూసి నీవు కంగారుపడి, గుండెపోటు వస్తే అందరూ మణికట్టు నుంచి స్టెంట్ అనే జాలీ గొట్టాన్ని గుండె నాళంలో వేస్తుంటే వీళ్లింకా గజ్జల్లో పొడుస్తున్నారా అని కోప్పడి, ఆసుపత్రి మీద ఫిర్యాదు రాస్తానన్నావు. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వలేదు కనుక ఈ ఉత్తరం. ఆ ఫిర్యాదు పంపవద్దు. ఎందుకు వద్దంటున్నానో, ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాడిని గనుక, కాస్త విడమరిచే చెబుతాను.

డాక్టరుగారు మొదలుపెట్టింది చేతి నుంచే. బల్ల మీద పడుకోబెట్టగానే కుడి మణికట్టు దగ్గర తిమ్మిరి సూది ఇచ్చి, మనం నాడి పట్టి చూసే రేడియల్ ధమనిలోకి సన్నని గొట్టం దించారు. ఆ ధమని వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. అందులోంచి గుండె దాకా పంపే కాథెటర్ అనే గొట్టం మందమే సుమారు 2 మిల్లీమీటర్లు. ధమని బిగుసుకోకుండా మందు ఎక్కించినప్పుడు మోచేయి దాకా పచ్చిమిరపకాయ రాసినట్లు మండింది. అయినా అది మాట వినలేదు. మోచేతి పైన ఎవరో లోపలినుంచి తాడు బిగించి లాగినట్లయి నేను అరిచాను. ఆయన ఒక్కసారి తెర వైపు చూసి, "పట్టేసింది మాస్టారూ, ఇక్కడ కాలం పోగొట్టను, తొడ నుంచి వెళ్తాను" అన్నారు. గజ్జల దగ్గర ముందే శుభ్రం చేసి ఉంచారు కాబట్టి ఆలస్యం కాలేదు. మూసుకున్న నాళం తెరుచుకోగానే ఛాతీ మీది రుబ్బురోలు దింపినట్లయింది.

నీవు చదివింది తప్పని నేననడం లేదు. 1989లో మాంట్రియల్‌లో కాంపో అనే వైద్యుడు మణికట్టు నుంచి గుండె నాళాల చిత్రాలు తీయవచ్చని చూపించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనే అనే వైద్యుడు 1992లో అదే దారిన చికిత్స కూడా చేశారు. ఆ దారి గొప్పదనమంతా రక్తస్రావం తక్కువ కావడంలో ఉంది. గుండెపోటుతో వెళ్లినవాడికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు, హెపారిన్ సూది ఇచ్చి రక్తం గడ్డకట్టకుండా చేస్తారు కనుక, ఎక్కడ పొడిచినా అక్కడ రక్తం ఓ పట్టాన ఆగదు. మణికట్టు ధమని చర్మం కిందనే, ఎముక మీద ఉంటుంది. పట్టీ బిగిస్తే చాలు. తొడ ధమని పెద్దది, లోతైనది. పైకి ఏమీ కనబడకుండానే కడుపు వెనక భాగంలోకి రక్తం చేరిపోయే ప్రమాదం కూడా ఉంది.

పైగా అరచేతికి రెండు ధమనులు నీరు పెడతాయి. రెండు బోదెలున్న చేనులాంటిదే: ఒకటి పూడినా రెండోదైన అల్నార్ సాధారణంగా తడి ఆరనివ్వదు. పిడికిలి బిగించి రెండింటినీ నొక్కిపట్టి, అరచేయి తెల్లబడ్డాక అల్నార్‌ను మాత్రం వదిలితే రంగు తిరిగి రావడం కనబడుతుంది. మీ అమ్మ చేతి మీద చేసి చూపించాను; వంటింట్లో పని మానుకుని ఇదేం ఆటలని విసుక్కుంది.

ఇక లెక్కలు. 2015లో వెలువడిన మేట్రిక్స్ అనే అధ్యయనంలో 8,404 మంది రోగులున్నారు. 30 రోజుల్లో మరణించినవారు మణికట్టు వైపు 1.6 శాతం, తొడ వైపు 2.2 శాతం. అంటే వెయ్యికి ఆరుగురి తేడా. ఆ ఆరుగురి ఇళ్లలో అది చిన్న తేడా కాదు. అందుకే యూరప్ గుండె వైద్యుల సంఘం 2017లో, అమెరికా వారు 2021లో మణికట్టుకే పెద్దపీట వేశారు. అయితే 2020లో ప్రచురితమైన కెనడా అధ్యయనం, 2,292 మందితో, అచ్చంగా నాలాంటి అత్యవసర గుండెపోటు రోగుల మీద చేసినది, మణికట్టు వైపు 1.5, తొడ వైపు 1.3 శాతం మరణాలు చూపించింది. దాన్ని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు కనుక అదే తుదిమాట అనను. కానీ రెండు దారులూ బాగా తెలిసిన చేతుల్లో తేడా పలచబడుతుందని నాకు అర్థమైంది. 2011 నాటి రైవల్ అధ్యయనంలో 7,021 మంది ఉంటే, మణికట్టుతో మొదలుపెట్టినవారిలో 7.6 శాతం మందికి దారి మార్చవలసి వచ్చింది. నేనూ ఆ జాబితాలో చేరేవాడినే. ఇరుకు దారిలో పట్టుదలకు పోకుండా మారడం కూడా నేర్పే. గుండె కండరం చచ్చిపోతూ ఉండగా డాక్టరు మణికట్టుతోనే కుస్తీ పడితే నీవు సంతోషించేవాడివా?

తొడ దారికి మూల్యం లేకపోలేదు. గొట్టం తీశాక ఒకబ్బాయి పావుగంటకు పైగా అరచేత్తో అదిమి పట్టాడు. తరువాత కాలు కదపకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవడం గుండెనొప్పికంటె నన్ను ఎక్కువ విసిగించింది. నీవు చూసిన మచ్చ ఆ రోజు అరచేయంత ఉండేది. లోపల గడ్డ కట్టలేదని స్కాన్ తీసి చెప్పారు. ఇప్పుడది పచ్చబడి, అంచుల్లో పసుపు తిరిగింది, గడ్డిలో వేసిన మామిడికాయలాగా.

ఫిర్యాదే చేయాలనుకుంటే నా మీద చేయి. తెల్లవారుజామున నాలుగింటికి నొప్పి మొదలైతే గ్యాసనుకుని వాము నీళ్లు తాగి, మీ అమ్మను లేపకుండా ఆరు దాకా అరుగు మీద కూర్చున్నాను. ఇక్కడ ఇ.సి.జి. తీసి, మాత్రలు వేసి, అంబులెన్సులో రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటించి రాజమహేంద్రవరం చేర్చేసరికి మరికొంత పొద్దుపోయింది. నేను అరుగు మీద పోగొట్టిన ఆ రెండు గంటల ముందు, చేయి నుంచి తొడకు మారిన నిమిషాలు ఏపాటివి?

వచ్చే నెల తనిఖీకి వెళ్లినప్పుడు నీవూ వస్తే, అడగవలసినవన్నీ డాక్టరుగారినే అడుగు. మళ్లీ అవసరం పడితే ఎడమ మణికట్టు చూస్తానని ఆయన అన్నారు; కుడిచేతి నాళం మెలిక తిరిగి ఉందని చీటీలో రాసి ఇచ్చారు. ఆ చీటీ నా మాత్రల డబ్బాలోనే ఉంది. వచ్చేటప్పుడు కోడలినీ పిల్లనూ తీసుకురా.

ఆశీస్సులతో,
నాన్న